సవుళ్ళ బావి గంజి

ఉదయం ఆరూ నలభైకి కుళాయి వచ్చింది. కళ్యాణదుర్గంలో మా అక్క ఇంట్లో కుళాయి రోజూ రాదు. వచ్చిన పూట ఇంట్లో అందరూ దాని చుట్టూ చేరాల్సిందే. అక్క కోడలు సుజాత స్టవ్ తగ్గించి, పప్పును దాని మానాన వదిలేసి, బిందెలు తీసుకొని వాకిట్లోకి పరుగెత్తింది. అక్క పోయి అప్పటికి పది రోజులు దాటింది. బంధువులు వెళ్ళిపోయారు, నేను మాత్రం మిగిలాను. వంటింటి గడప దగ్గర స్టూలు మీద కూర్చొని పప్పు ఉడకడం వింటున్నాను. నీళ్ళు పట్టుకోవడం అయ్యాక సుజాత వచ్చి పప్పు ఎనిపి, ఉప్పు వేసి, తాలింపు పెట్టి, మూత మూసి పక్కకు దించింది. నా కుడిచెయ్యి ముందుకు చాచి ఉందని అప్పుడు చూసుకున్నాను. అరచెయ్యి పైకి తిప్పి, గరిటె నుంచి చుక్క పడడానికి సిద్ధంగా పట్టుకొని ఉన్నాను. సుజాత కంగారుగా “ఏం కావాల చిన్నత్తా, నీళ్ళా?” అని అడిగింది. ఏమీ వద్దన్నాను. చెయ్యి వెనక్కి తీసుకొని చీరకు తుడుచుకున్నాను, అందులో ఏమీ లేకపోయినా.

అక్క పోయినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. పుస్తకం తెరిస్తే ఒక పేజీ దాటలేను. వాకిట్లోకి పోతాను, మళ్ళీ లోపలికి వస్తాను, అక్క మంచం ఉన్న గది తలుపు దాకా పోయి ఆగుతాను. మనసు బాగా లేనప్పుడు నన్ను నేను కుదుర్చుకోవడానికి చదువే ఇంతకాలం పనికి వచ్చింది. ఈసారి అదీ పనికి రాలేదు. ఇలా ఇంట్లోకీ బయటికీ తిరుగుతుంటే ఇది నా నడక కాదని, ఎప్పుడో చూసిన నడక అని అనిపించింది. కరువు ఏడాది మా అవ్వ ఇలాగే తిరిగేది.

మా ఊరు ఉరవకొండ వైపు మెట్ట భూముల్లో ఉంది. పాడు మట్టి కాదు, వాన పడితే వేరుశనగ, కొర్ర, ఉలవ పండేవి. ఆ ఏడు వాన పడలేదు, అంతకు ముందు ఏడు పడినా పంట నిలవలేదు. మా వైపు ఆషాఢంలో వీచే గాలి గురించి బయటివాళ్ళకు చెప్పడం కష్టం. పొద్దస్తమానం ఒకే దిక్కు నుంచి కొడుతుంది. మబ్బులు కనిపిస్తాయి, నల్లగానే ఉంటాయి, ఆ గాలి వాటిని మా తల మీదుగా ఎత్తుకుపోతుంది. మగవాళ్ళు రోజూ ఊరి పక్క మిట్ట ఎక్కి, బళ్ళారి దిక్కు చూసి, దిగి వచ్చేవారు. మళ్ళీ ఎక్కేవారు. ఊరంతా అట్లాగే ఉండేది. ఎవరూ ఒకచోట కూర్చొని మాట్లాడుకున్నట్టు నాకు జ్ఞాపకం లేదు. పనిలేని చేతులు తాళ్ళు విప్పి మళ్ళీ పేనేవి. ఎద్దులు గాట్లో నిలబడి, గడ్డి లేని గాడి వైపు తల విసిరేవి. ఇంట్లో రాగి విసిరే చప్పుడు తెల్లవారుజామున వినపడడం మానేసింది. ఆ చప్పుడుతోనే నిద్ర లేచే అలవాటున్న నేను, అది లేక మరీ ముందే లేచేదాన్ని. పులిసిన అంబలి వాసన, అవ్వ నడుముకు కట్టుకున్న వక్కాకు సంచి వాసన, పశువుల కొట్టం వాసన కలిసి మా ఇంటి వాసనగా ఉండేవి. ఆ ఏడు వాటిలో ఒక్కొక్కటే పోయి, ఎండిన మట్టి వాసన ఒక్కటే మిగిలింది.

నాయన ఎద్దులను అమ్మడానికి ఒప్పుకోలేదు. ఇంకొందరితో కలిసి వాటిని తోలుకొని మైసూరు సీమ వైపు, గడ్డి దొరికే చోటికి పోయాడు. పోతూ అక్కను పిలిచి, “నారాణీ, అవ్వను చూసుకో. ఆమె తింటాండాదా లేదా చూడు. అడిగితే తిన్నా అంటాది, నమ్మొద్దు” అన్నాడు. అక్క పేరు నారాయణమ్మ. అప్పటికి వోణీ వేసుకునే వయసు. అమ్మ కరువు పనిలో చేరి, రోడ్డుకు కంకర కొట్టడానికి పొద్దున్నే పోయి పొద్దుగూకాక వచ్చేది. ఇంట్లో అవ్వ, అక్క, నేను ఉండేవాళ్ళం.

నాయన చెప్పింది నిజమే. అవ్వ అబద్ధం ఆడేది. కొర్రనూకతో అమ్మ కాచిన జావలో అవ్వ వంతు ముంతలో పోసిపెడితే, సాయంత్రానికి అది నా ముంతలోకి వచ్చి ఉండేది. “నాకు అరగలే చిన్నమ్మీ, నువ్వు తాగు” అనేది. ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారేవి. మంచి కాలంలో ఎండాకాలమంతా మా అరుగు మీద అంబలి కుండ పెట్టి, దారిన పోయేవాళ్ళను పిలిచి పోసిన మనిషి ఆమె. ఆ ఏడు కుండను బోర్లించింది గాని అరుగు మీద నుంచి తీయలేదు. ఎవరైనా దారిన పోతుంటే ఆ కుండ దగ్గరికి పోయి, చేసేదేమీ లేక తిరిగి లోపలికి వచ్చేది. రోజంతా అదే నడక.

అట్లాంటప్పుడు క్రైస్తవ మిషన్ వాళ్ళు మా ఊళ్ళో గంజి కేంద్రం పెట్టారు. బడి పక్కన బోదగడ్డి కప్పిన పందిరి వేశారు. లారీలో గోధుమ నూక మూటలు, పాలపొడి డబ్బాలు వచ్చాయి. మధ్యాహ్నం రెండు గంగాళాల్లో గంజి కాచేవారు. ఎవరైనా వచ్చి తాగవచ్చు గాని అక్కడే కూర్చొని తాగాలి, ఇంటికి తీసుకుపోకూడదు. కేంద్రం చూసుకునే ఆమె పేరు కరుణమ్మ. పామిడి దగ్గర పల్లెలో, ఊరికి అవతలి పేటలో, కూలి చేసుకునే క్రైస్తవుల ఇంట పుట్టి, చదువుకొని టీచరయిన మనిషి. సన్నగా, గట్టిగా ఉండేది. గాలికి పందిరి ఒక మూల లేచిపోతే తానే ఎక్కి కట్టేది.

మొదట పిల్లలను పంపారు. తర్వాత ఆడవాళ్ళు పిల్లలను పిలుచుకొని వచ్చే నెపంతో వచ్చారు. చివరికి మగవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. అవ్వ రాలేదు. అందుకు రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, చేతులారా పోసినామె చెయ్యి చాచి తాగలేదు. రెండోది, కరుణమ్మ ఏ పేటలో పుట్టిందో అవ్వకు తెలుసు. మొదటి కారణం ఒక్కటే రాస్తే అవ్వ గొప్పగా కనిపిస్తుంది. రెండోదీ అంతే నిజం. ఆకలికి ఊరంతా దాన్ని పక్కన పెట్టింది, అవ్వ పెట్టలేదు. అక్క ఒకసారి కరుణమ్మను బతిమాలి, నియమం తప్పించి, అవ్వ కోసం ముంతెడు గంజి ఇంటికి తెచ్చింది. అవ్వ దాన్ని చూసి, “యాడిది?” అని మాత్రం అడిగింది. ఆ గంజి నేను తాగాను. ఆ సాయంత్రం అక్క కొట్టంలో, ఎద్దులు లేని గాటికి ఆనుకొని ఏడుస్తుంటే చూశాను. అవ్వ ఇంక ఎక్కువ కాలం ఉండదని అక్కకు తెలిసిపోయింది. నాయనకు ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు.

ఊళ్ళో రెండు బావులు ఉండేవి. తియ్యనీళ్ళ బావి అడుగంటింది. ఊటకు గంటెడు గంటెడుగా ముంచి కుండ నింపుకోవాలి. రెండోది సవుళ్ళ బావి. దాని నీళ్ళు ఉప్పు, పశువులకు, బట్టలకు వాడేవారు. అందులో మాత్రం నీళ్ళు ఉండేవి. గంజి కాచేది ఆ నీళ్ళతోనే. గంగాళానికి ఇంత ఉప్పు అని కేంద్రం వాళ్ళకు పైనుంచి ఒక కొలత చెప్పి పంపారు. వంటకు కుదిరిన మా ఊరి ఆడవాళ్ళు ఆ కొలత ప్రకారం సవుళ్ళ నీళ్ళలో ఉప్పు వేసేవారు. గంజి నోట్లో పెట్టుకుంటే నాలుక మొద్దుబారేది. ఊరంతా ఆ గంజిని మాట్లాడకుండా తాగింది. మా వైపు విస్తరి ముందు కూర్చున్నాక వంటకు వంక పెట్టరు. పెట్టిన చేతిని తప్పు పట్టినట్టు అవుతుంది. వండిన ఆడవాళ్ళు కూడా అదే మర్యాదకు కట్టుబడి, టీచరమ్మ కొలతను కాదనలేదు. తాగినవాళ్ళంతా ఇళ్ళకు పోయి, దొరకని తియ్యనీళ్ళు చెంబులు చెంబులు తాగేవారు.

ఒక మధ్యాహ్నం నేనూ అక్కా కేంద్రం నుంచి వచ్చి, కుండలో ఆ రోజుకు ఉన్న నీళ్ళన్నీ తాగేశాం. అవ్వ కుండలోకి వంగి చూసింది.

“గెంజి తాగొచ్చినోళ్ళకు ఇంత దప్పి ఏందే?”

అక్క ఖాళీ చెంబు బోర్లించింది. తర్వాత, “ఉప్పు అవ్వా. నోట్లో పెట్టలేకుండా ఉండాం” అంది.

“సవుళ్ళ నీళ్ళకు మళ్ళా ఉప్పేస్తాండారా?”

“ఊఁ.”

“ఆయమ్మకు చెప్పలేదా ఎవురూ?”

“ఎట్ల చెప్తారవ్వా? తినేవాళ్ళు పెట్టేవాళ్ళను తప్పు పడతారా? ఊళ్ళో అందరూ తింటాండారు గదా.”

“నేను తినలే” అని అవ్వ లేచింది.

కొంగు నెత్తిన వేసుకొని, ఆ గాలికి ఎదురుగా, గోడలు పట్టుకుంటూ బడి దాకా నడిచింది. మేము వెనకనే పోయాం. పందిరి కింద ఇంకా కొందరు తాగుతున్నారు. అవ్వ పందిరి బయటే నిలబడి పిలిచింది.

“ఏమ్మీ, ఆ నీళ్ళే ఉప్పు గదా. దాంట్లో మళ్ళా ఉప్పేస్తే మనుషులు తాగాల్నా, గొడ్లు తాగాల్నా?”

కరుణమ్మ చేతిలో గరిటెతోనే బయటికి వచ్చింది. “ఉప్పెక్కువయిందా అవ్వా? నేనూ ఇదే తాగుతాండా. మీ ఊళ్ళో ఇట్లనే తింటారనుకుంటి. ఒక్కరూ ఏమీ అనకపోతే!” అని వరస వైపు తిరిగింది. “ఏమప్పా, ఇన్నాళ్ళూ చెప్పకూడదా?”

అందరూ తలలు దించుకున్నారు. మా పక్కింటి హనుమన్న మాత్రం ముంత కింద పెట్టి, “కరువులో ఉప్పన్నా దండిగా దొరికె, దాన్నేంటికి పోగొట్టుకునేదని ఊరకుంటిమమ్మా” అన్నాడు. ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఆ ఏడు మా ఊళ్ళో అంతమంది కలిసి నవ్వడం అదొక్కసారే.

“మీది తిననిదాన్ని గాబట్టి నేను చెప్తాండా” అంది అవ్వ.

కరుణమ్మ ఆమెను పై నుంచి కింది దాకా చూసింది. జారిన గాజులను చూసింది, బడి గోడకు ఆనించిన చేతిని చూసింది. “అట్లయితే రేపట్నుంచి నువ్వే వచ్చి ఉప్పు చూసి చెప్పవ్వా. వీళ్ళు చెప్పరు, నాకు ఈ నీళ్ళు తెలీవు” అంది.

“నేను మీది తిననంటి గదా.”

“తినొద్దు. చూడు అంతే.”

అవ్వ వెనుదిరిగి ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం ఆమె నడిచిన నడక అంతకు ముందెప్పుడూ నడవలేదు. అరుగు దాకా, కొట్టం దాకా, మళ్ళీ అరుగు దాకా. అమ్మ వచ్చి సంగతి విని, “అత్తా, ఊరికే చూసేదే గదా” అంటే, “నాలికమీద పడినాక చూసేదేంది, తినేదేంది” అంది. తెల్లవారి కూడా కదలలేదు. మధ్యాహ్నం అక్క పరుగెత్తుకొచ్చింది. “అవ్వా, గెంజి అయింది. టీచరమ్మ పోయనంటాండాది. అందరూ కూచోని ఉండారు. నువ్వు వచ్చి చూస్తేనే అంట. బిన్నా రా.” వెనకనే హనుమన్న కూడా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. “అవ్వా, మా కడుపులు ఎండుతాండాయి. నీ కడుపు సంగతి నీ ఇష్టం. నీ నాలికను మాత్రం రోంత పంపీ” అన్నాడు.

అవ్వ అతన్ని తిట్టింది. తిడుతూనే గూట్లోని తన ఇత్తడి ముంత తీసుకొని నడిచింది. పందిరి కిందికి వచ్చి ముంత చాచింది. కరుణమ్మ గరిటె పైకెత్తి, ముంతకు ఎక్కడా తగలకుండా, సన్నని ధారగా, బయట ఒక్క చుక్క పడకుండా పోసింది. అంత ఎత్తు నుంచి అట్లా పోయడం ఆమెకు ఎక్కడ అలవాటయిందో అప్పుడు నాకు తెలియదు. చిన్నప్పటి నుంచి తన దోసిట్లోకి ఊరివాళ్ళు అట్లాగే పోసి ఉంటారని చాలా ఏళ్ళకు అర్థమయింది.

అవ్వ ముంతలోంచి అరచేతిలోకి వంచుకొని నాకింది. వరసంతా ఆమెనే చూస్తున్నారు. “తెలీలే” అంది. మళ్ళీ వంచుకుంది. “వేడి మీద తెలీదు” అని కాసేపు ఊదింది. తర్వాత ముంత ఎత్తి ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకొక గుక్క తాగింది. ఆమె గొంతు కదలడం నాకు కనిపిస్తోంది. ఆ సమయంలో అక్క నా చెయ్యి పట్టుకొని ఉంది. ఎంత గట్టిగా పట్టుకుందో తనకు తెలియదు. నొప్పి పుట్టినా నేను విడిపించుకోలేదు. ముంత అడుగు దాకా తాగి, మూతి తుడుచుకొని, అవ్వ అంది: “సరిపోయింది. పెట్టు.”

ఆ రోజు నుంచి అవ్వ చూడనిదే గంజి దించలేదు. ఊళ్ళో ఎవరూ దాని గురించి ఒక్క మాట అనలేదు. ఏం జరుగుతోందో అందరికీ తెలుసు, అందుకే అనలేదు. ఉప్పు సంగతి చెప్పడానికి అడ్డం వచ్చిన మర్యాదే ఇక్కడ పనికొచ్చింది. అవ్వ మాత్రం పనిని పనిలాగానే చేసింది. గాలిలో దుమ్ము పడుతోందని గంగాళాలకు మూతలు పెట్టించింది. “పైన వేరే ఉండాది, అడుగున వేరే ఉండాది” అని రెండు చోట్లా చూసేది. “అవ్వ అడుగున చూసేపాటికి మాకు అడుగే మిగల్దు” అని హనుమన్న అనేవాడు. “నీకు మిగిలేది నోరొకటే లేరా” అనేది ఆమె. గాజులు మోచేతి దాకా జారడం కొంచెం కొంచెంగా తగ్గింది. ఇంట్లో తిరగడం తగ్గింది. మధ్యాహ్నం పోవలసిన చోటు ఒకటి ఉన్న మనిషికి అంత తిరగవలసిన పని ఉండదు.

అక్క ఆ మాట, “అందరూ తింటాండారు గదా” అన్న మాట, అవ్వను కేంద్రం దాకా కదిలించడానికి కావాలనే అన్నదా అని నేను పెద్దయ్యాక ఎన్నోసార్లు అడిగాను. ఆమె నవ్వి, వేరే మాట ఎత్తేది. చివరి రోజుల్లో ఆసుపత్రిలో కూడా అడిగాను. అప్పటికి ఆమెకు నవ్వే ఓపిక లేదు. నా వైపు చూసి కళ్ళు మూసుకుంది. ఇంక అడగడానికి ఎవరూ లేరు. ఈ పది రోజులుగా నన్ను కూర్చోనివ్వనిది ఇదేనేమో.

వాన ఆలస్యంగానైనా వచ్చింది. నాయన ఎద్దులతో తిరిగొచ్చాడు. ఎద్దులు బక్కచిక్కి ఉన్నాయి, ఆయన వాటికంటే బక్కచిక్కి ఉన్నాడు. వాకిట్లో అడుగుపెట్టగానే “అమ్మ?” అని అడిగాడు. అక్క పక్కకు జరిగి అవ్వను చూపించింది. కేంద్రం ఎత్తేశారు, కరుణమ్మ వెళ్ళిపోయింది. కొర్రలు ఇంటికి వచ్చిన రోజున అవ్వ ఆమెకు కబురు పంపింది. ఆమె బస్సు దిగి, పొలాలకు అడ్డంగా నడిచి వచ్చింది. అవ్వ మారిపోయి ఆమెను లోపలికి పిలిచిందని రాయగలిగితే బాగుండేది. పిలవలేదు. అరుగు మీద కూర్చోబెట్టింది. అయితే కొత్త కొర్రబువ్వ, ఊరిబిండి పచ్చడి తినే తట్టలో పెట్టుకొని అవ్వ బయటికి పోతుంటే అమ్మ అడ్డం వచ్చింది. “అత్తా, ఇంకా దేవునికి పెట్టలే. ముందే ఎంగిలి చేస్తారా?”

“దేవునికి ఉప్పు తక్కువైతే చెప్తాడా?” అంది అవ్వ. తట్ట కరుణమ్మ ముందు పెట్టి, “ఉప్పు చూడమ్మీ” అంది.

కరుణమ్మ కలుపుకొని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. మొహమాటపడలేదు. “ఊరిబిండిలో రోంత తక్కువయిందవ్వా” అంది. అవ్వ ముఖంలో వచ్చిన సంతోషాన్ని వర్ణించడం నాకు చేతకాదు. లోపలికి వచ్చి ఉప్పు వేసి కలిపి, అప్పుడు దేవుడికి పెట్టి, మాకు పెట్టింది. ఆ తట్టను మాత్రం లోపలికి తేలేదు, అరుగు చివర బోర్లించింది. సాయంత్రం అక్క దాన్ని తోమి తెచ్చి మిగిలిన తట్టల మధ్యలో పెట్టింది. అవ్వ చూసింది. దాన్ని వేరుగా తీసి పెట్టలేదు.

కరువు గురించి తర్వాత చాలా చదివాను. మా జిల్లాలో అది పోనూ లేదు, పోతుందని నేను అనుకోవడమూ లేదు. ఇప్పుడు గంజికి వరసలో కూర్చోవలసిన పని లేదు, బియ్యం ఇంటికే వస్తాయి. అది మంచిదే, ఆ పందిరి కింద కూర్చున్నవాళ్ళెవరూ కాదనరు. అవ్వ పోయాక ఉప్పు చూడమనే అలవాటు అక్కకు వచ్చింది. ఎవరు ఇంటికి వచ్చినా, పాలవాడైనా, కరెంటు మీటరు చూసే అబ్బాయైనా, వంట దించే వేళకు కనబడితే పిలిచి అరచేతిలో చుక్క వేసేది. చెప్పేదాకా వదిలేది కాదు. బాగుందంటే సరిపోయేది కాదు, ఎక్కువో తక్కువో చెప్పాలి. నేను వచ్చినప్పుడల్లా ఆ పని నాది.

సుజాత బాగా వండుతుంది. ఇంట్లో ఒకరికి బీపీ, ఒకరికి షుగరు, ఎవరి లెక్క వాళ్ళది. అందుకని ఉప్పు తక్కువ వేసి, డబ్బా బల్ల మీద పెడుతుంది. కావలసినవాళ్ళు వేసుకుంటారు. ఇది సవ్యమైన పద్ధతే. మా ఇంట్లో వంట దించే ముందు ఉప్పు చూడమని ఇప్పుడు ఎవరూ ఎవరినీ పిలవరు.